రాజత్తకు చెప్పిన ఇంగ్లీషు

గ్రంథాలయంలో నా కుర్చీ ఇప్పుడు నాది కాదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తెల్లవారగానే వచ్చి, బల్ల మీద ఒక నీళ్ల సీసా పెట్టి జాగా పట్టుకుంటారు. నేను ఇంటి పని ముగించుకుని పోయేసరికి పంకా గాలి అందని మూలన ఒక ప్లాస్టిక్ కుర్చీ మిగిలి ఉంటుంది. అందులో కూర్చుని ఇంగ్లీషు పేపరును మొదటి పేజీ నుంచి ఆటల పేజీ దాకా చదివితేనే నాకు ఆ రోజు గడిచినట్టుంటుంది. పోయిన నెల అట్లా చదువుతుంటే మౌనిక అనే అమ్మాయి పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నర్సంపేట దగ్గర ఏదో ఊరు ఆమెది, ఇక్కడ హాస్టల్లో ఉంటోంది. ఇంగ్లీషులో ఏది తట్టకపోయినా నన్ను అడగడం ఆమెకు అలవాటు.

"ఆంటీ, జర గిది చూడుర్రి. 'బ్రేక్ ద న్యూస్' అంటాండు. న్యూసును పలగ్గొట్టుడేంది?"

"ఫోన్ల చూడకపోయినవా?"

"చూసిన. 'వార్తను విచ్ఛిన్నం చేయండి' అని చూపిస్తాంది."

ఇద్దరం నవ్వుకున్నాం. చెడ్డ కబురును ఎవరికైనా తెలియజేయడాన్ని అట్లా అంటారని, అది మెల్లగా, మనసు చూసుకుని చేసే పని అని చెప్పాను. మౌనిక కలం అంచు కొరుకుతూ ఆలోచించింది. "మెల్లగ చెప్పేదానికి పలగ్గొట్టుడు ఎందుకు ఆంటీ?" అంది. ఆ పిల్ల తన చోటికి పోయి కూర్చున్నాక నేను పేపరు తెరిచి పెట్టుకున్నాను గానీ ఒక్క వార్త కూడా తలకెక్కలేదు. మా రాజత్త కళ్ల ముందుకు వచ్చి కూర్చుంది. చేతిలో ఉడికించిన మైదా ముద్ద, ఒడిలో పాత పేపర్లు, నన్ను చూసి ఎగరేసే కనుబొమ్మలతో సహా.

రాజత్త మా బాపుకు అక్క. పెళ్లయిన కొద్ది ఏళ్లకే మామ పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను పుట్టేనాటికే ఆ ఇల్లు ఆమె చేతిలో ఉంది. హనుమకొండ బజారులో మాది ముందు కిరాణ దుకాణం, వెనక ఇల్లు. వంటింట్లో తాలింపు వేస్తే దుకాణంలో తుమ్మేవారు, దుకాణంలో మిరపకాయల బస్తా విప్పితే వంటింట్లో దగ్గేవాళ్లం. బెల్లం, పసుపు, గోనెసంచి, కిరసనాయిలు అన్నీ కలిసిన ఒక వాసన మా బట్టలకు, మా తలలకు, మా బడి పుస్తకాలకు పట్టి ఉండేది. తరగతిలో ఎవరైనా కళ్లు మూసుకుని నన్ను గుర్తుపట్టగలిగేవాళ్లు. మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక బాపు గల్లాపెట్టె పక్కనే కునుకు తీసేవాడు. ఆ వేళ రాజత్త వెనక వరండాలో చాప పరుచుకుని పొట్లాలు అంటించేది. తూకానికి కొన్న పాత కాగితాల్లో ఆమెకు ఇంగ్లీషు పేపరే ఇష్టం. "తెలుగు పేపర్ చింతపండు పెడితె చినుగుతది. ఇంగ్లీషుది గట్టిది," అనేది. అక్షరం ముక్క రాని రాజత్త ఇంగ్లీషును మెచ్చుకున్నది మొదట దాని గట్టితనం చూసే.

మా దుకాణంలో కొన్ని మాటలు నోట రాకూడదు. సరుకు లేకపోతే "లేదు" అనకూడదు, "రేపొస్తది" అనాలి. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోతే ఘనమైందనాలి. రాత్రి తలుపు మూసెయ్యమని కాదు, దగ్గరకెయ్యమని చెప్పాలి. నేను మరచిపోయి అసలు మాట అన్నానంటే రాజత్త వెనక వరండా నుంచే "ఏయ్ పోరీ, నోరు!" అని కేకేసేది. బేరానికి కూడా ఒక పద్ధతి ఉండేది. పెళ్లి సామాను కొనడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే రైతులు ధర వినగానే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచేవాళ్లు. బాపు "పోని తియ్యి, ఇంకో దుకాణంల చూస్కో," అనేవాడు. వాళ్లు మెట్టు దిగి, వెనక్కి చూడకుండా, మరీ తొందరగా కాకుండా నడిచేవాళ్లు. పక్క దుకాణం ముందుకు చేరేలోపు బాపు పిలవాలి. పిలిచేవాడు. పిలవకుండా వదిలేసిన మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. పొమ్మనడం అంటే మా బజారులో మాట మొదలవడమే.

పదో తరగతితో నా చదువు ఆగింది. ఆడపిల్లకు దుకాణం లెక్కలు వస్తే చాలన్నారు. నేను ఏడ్చి ఊరుకోలేదు, గ్రంథాలయానికి పోవడం మొదలుపెట్టాను. ఎదురుగా పొట్లాల కాగితాల్లో సగం సగం కనబడే ఇంగ్లీషు కథలు నన్ను అక్కడికి లాక్కెళ్లాయి. మంచి పట్టులో ఉండగా కాగితం మడత దగ్గర ఆగిపోయేది, మిగతా సగం అప్పటికే ఎవరి కందిపప్పుతోనో వెళ్లిపోయి ఉండేది. గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని పేపరు చదివాను, పిల్లల పుస్తకాలు చదివాను, తరువాత పెద్దవి చదివాను. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నానన్న గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఒక చిక్కు మాత్రం చాలాకాలం తెమలలేదు. విడి విడి మాటలన్నీ తెలిసేవి, వాక్యం తెలిసేది కాదు. ఒకసారి గ్రంథపాలకుడు సారును అడిగితే ఆయన అద్దాలు పైకి నెట్టుకుని, "నిఘంటువుల మాట దొరుకుతది వసంతా. ఆ మాట ఎవరు, ఎవరితోని, ఏ సమయంల అన్నరో అది నువ్వు చూస్కోవాలె," అన్నాడు. 

అట్లా ఏరుకున్న వాక్యాన్ని రోజుకొకటి ఇంటికి తెచ్చి రాజత్తకు వినిపించేదాన్ని. మొదట వేళాకోళానికి మొదలైంది, తరువాత ఆమెకే అది లేకపోతే తోచేది కాదు.

"ఏది, ఇయ్యాల్టి ఇంగ్లీషు ఏందో చెప్పు."

"'కాల్ ఇట్ ఎ డే' అత్తా. దీన్ని ఒక రోజు అని పిలుద్దాం అని."

"మరి రాత్రిని ఏమని పిలుస్తరట?"

"ఇగ పని చాలిద్దాం అనెటందుకు అట్ల అంటరు."

"చాలిద్దాం అంటె నోరు నొస్తదా వాళ్లకు?" అని నవ్వి, కాగితం అంచుకు మైదా రాసింది. "కాదు కాదు. చేసింది తక్కువైనా సరే, గిదే ఒక రోజు అనుకుందాం అన్నట్టు. మంచిగనే ఉన్నది," అంది.

ఇంకోసారి, చనిపోయాడు అనడానికి వాళ్లు దాటిపోయాడు అంటారని చెప్పాను. ఆమె తల ఊపి, "వాళ్లు గూడ దుకాణపోళ్లే ఉన్నట్టున్నరు. అసలు మాట అననే అనరు," అంది. నేను ఎన్నో పుస్తకాలు చదివాను గానీ ఇంగ్లీషు వాళ్ల గురించి అంత దగ్గరి మాట నాకు ఎక్కడా కనబడలేదు.

అంత మాటకారి రాజత్త ఒక్క మనిషి ఊసు వస్తే మాత్రం మౌనంగా పొట్లం మడిచేది. ఆ మనిషి ఆమె చెల్లెలు సత్తెమ్మ, మా చిన్నత్త. తొర్రూరులో ఇచ్చారు. చిన్నత్త కొడుకు పెళ్లిలో తలంబ్రాల వేళ రాజత్త ముందుకు వస్తుంటే ఎవరో ఆమెను, భర్త లేని మనిషివి, ఆ మూలకు నిలబడమన్నారు. రాజత్త మూలకు పోలేదు, అన్నం తినకుండా బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. ఆపలేదని ఈమె కోపం, తినకుండా పోయిందని ఆమె కోపం. తొర్రూరు నుంచి ఎవరు సరుకుకు వచ్చినా రాజత్త ఏదో నెపంతో దుకాణంలోకి వచ్చి నిలబడేది. "అక్కడ అందరు మంచిగున్నరా?" అని అడిగేది. ఆ అందరిలో ఒక్క మనిషి మాత్రమే ఉండేదని మా అందరికీ తెలుసు. 

ఒక వానాకాలం రాజత్తకు కడుపునొప్పి మొదలైంది. వాము నమిలింది, సోడా తాగింది, పస్తులుంది. పత్తి పగిలే రోజులకు మనిషి సగమైంది. బాపు పెద్ద దవాఖానకు తీసుకుపోయి చేర్పించాడు. అక్కడి డాక్టరు కేరళ మనిషి. "నొప్పి ఉందా, తిన్నారా" వరకే ఆయన తెలుగు. మిగతాదంతా ఇంగ్లీషు. బాపు ఛాతీ విరుచుకుని, "మా బిడ్డ ఇంగ్లీషు పేపర్ చదువుతది సారూ," అని నన్ను ముందుకు నెట్టాడు. దుకాణం లెక్కలు చాలన్న బాపు ఆ మాట అనడం నాకు ఎంత సంతోషమయిందో! ఆ సంతోషం పరీక్షల కాగితాలు వచ్చేదాకా ఉంది.

ఆ రోజు డాక్టరు మమ్మల్ని తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. కాగితాలు ఒకసారి తిరగేసి పక్కన పెట్టి, నా కళ్లలోకి చూస్తూ, ఒక్కొక్క మాట విడదీసి చెప్పాడు. ఇంటికి తీసుకువెళ్లండి. ఆమెకు ఏది తినాలనిపిస్తే అది పెట్టండి. మేక్ హర్ కంఫర్టబుల్. ఇంకొన్ని వారాలు. అందులో నాకు తెలియని మాట ఒక్కటి లేదు. సుఖంగా ఉంచండి అంటున్నాడు, ఇష్టమైనవి పెట్టండి అంటున్నాడు. నిఘంటువు ప్రకారం అన్నీ చల్లని మాటలే. కానీ ఎవరు, ఎవరితో, ఏ సమయంలో అన్నారో నేను చూస్తున్నాను కదా.

"ఏమన్నడు?" అన్నాడు బాపు.

"ఇంటికి తీస్కపొమ్మంటాండు బాపు. ఇగ వారాలే అంటాండు."

బాపు నన్ను కాదు, డాక్టరును చూశాడు. ఆయన ముఖంలోకి మా దుకాణం ముఖం వచ్చింది. "తీస్కపొమ్మంటె? ఎంతయితదో చెప్పకుండ తీస్కపొమ్మంటడేంది? అడుగు బిడ్డా. మా బాపు ఎంతయినా సరే అన్నడని చెప్పు."

నేను అడిగాను. నా ఇంగ్లీషు తడబడింది. డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఐ విష్ దేర్ వాజ్ సంథింగ్ వుయ్ కుడ్ డూ," అన్నాడు. మేము చేయగలిగింది ఏదైనా ఉంటే ఎంత బాగుండేది అని. ఆ వాక్యం పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. ఒక మనిషి నోట వినడం అదే మొదలు.

నేను తెలుగులో చెప్పేలోపే బాపు లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. "సరే, ఇంకో దవాఖానల చూస్కుంటం," అని తెలుగులోనే డాక్టరుకు చెప్పి గది బయటికి నడిచాడు. నేను వెనకే పోయాను. పొడుగాటి వరండా అది. బాపు వెనక్కి చూడకుండా, మరీ తొందరగా కాకుండా నడుస్తున్నాడు. ఆయన చెవులు వెనక్కి తిరిగి ఉన్నాయని నాకు తెలుస్తూనే ఉంది. మందుల గది దాటాం. చీటీలిచ్చే కిటికీ దాటాం. వరండా చివర మెట్ల దగ్గర ఆగి, తువ్వాలు సర్దుకునే నెపంతో తల తిప్పి చూశాడు. డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. ఎవరూ బయటికి రాలేదు.

"పిలుస్తలేడేందే?" అన్నాడు బాపు.

ఆ గొంతు అంతకుముందు నేను విన్నది కాదు. ఆయన చేయి పట్టుకున్నాను. ఆయన మెట్టు మీద కూలబడి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఇంటికి తీసుకువచ్చాక బాపు ఒకే మాట చెప్పాడు. "అక్కకు ఏమనకు. మందులు రాసిచ్చిండు, తగ్గుతది అన్నడు. అంతే." అమ్మ వంటింట్లో గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుని, అత్త ముందుకు వచ్చినప్పుడు నవ్వేది. రాజత్త మంచంలో పడుకుని ముందరి రోజుల లెక్కలు వేసేది. "జర సత్తువ రానీ. ఉగాది పోయినంక తొర్రూరు పోయి దానితోని పంచాయితీ తెంపుకుంట," అంది ఒకరోజు, నేను జావ తాగిస్తుంటే. ఉగాది ఆమెకు లేదు. ఆ సంగతి తెలిసీ నేను "పోదాం అత్తా" అనాలి. బాపు మాట మీరలేను. మీరకపోతే ఈమె ఉగాది కోసం చూస్తూ చూస్తూ చెల్లెలి ముఖం చూడకుండానే పోతుంది. జావ గ్లాసు మళ్లీ ఆమె నోటికి అందించాను. 

మరుసటి మధ్యాహ్నం బాపు కునుకు తీసే వేళ రాజత్త నన్ను పిలిచింది.

"కూసో. ఇయ్యాల్టి ఇంగ్లీషు చెప్పు."

"ఇయ్యాల పేపర్ చదువనే లేదత్తా."

"పేపర్‌ది ఎవలడిగిన్రు? ఆ కేరళ సారు అన్నది చెప్పు. మీ బాపు చెప్పింది ఇన్న. వాడు పుట్టిందగ్గర్నించి దుకాణంలనే ఉన్నడు, వాని మాట నాకెర్కనే. ఆ సారు ఏమన్నడో గది గట్లనే చెప్పు."

చెప్పాను. ముందు ఇంగ్లీషులో, తరువాత ఎప్పటిలాగే మాట వెంట మాట తెలుగులో. వారాల సంగతి చెప్పేటప్పుడు ఆమె నా చేతి మీద చేయి వేసింది గానీ ఆపమనలేదు. ఆఖరి వాక్యం మళ్లీ చెప్పమంది. తెలుగులో మొదలుపెడితే తల అడ్డంగా ఊపింది. "గట్ల కాదు. ఇంగ్లీషుల." చెప్పాను. కళ్లు మూసుకుని వింది, దూరాన ఎవరో పాడుతుంటే చెవి పెట్టినట్టు.

"మంచోడే. ఎంత మెల్లగ అన్నడు," అంది. తరువాత మామూలు గొంతుతో, "తొర్రూరు బస్సు పొద్దుగాల ఎన్నిటికే?" అని అడిగింది.

ఇప్పుడు డాక్టరు ఏమన్నాడో చెప్పమని ఎవరూ ఎవరినీ అట్లా అడగనక్కరలేదు. మా తమ్ముడు చనిపోయిన ఏడాది, దవాఖాన మెట్ల మీద నిలబడి వాడి కొడుకు తండ్రి జబ్బు పేరు ఫోనులో చదువుకోవడం చూశాను. డాక్టరు పిలవకముందే వాడికి అంతా తెలిసిపోయింది. ఎన్నాళ్లో, ఏమవుతుందో అన్నీ చక్కటి తెలుగులో ఉన్నాయి. చదివి ఫోను జేబులో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నేను దగ్గరికి పోతే, "నాకు తెలిసింది అత్తా" అన్నాడు. ఇంక నేను చెప్పడానికి ఏమీ మిగలలేదు. వాడి చేయి పట్టుకోవాలని కూడా నాకు వెంటనే తోచలేదు. మాట చెప్పేటప్పుడు పట్టుకోవడం నాకు తెలుసు. మాట లేకుండా ఎట్లా పట్టుకోవాలో తెలియక అట్లాగే నిలబడ్డాను. మౌనిక లాంటి పిల్లలు నాకంటే తొందరగా, నాకంటే బాగా ఇంగ్లీషు నేర్చుకుంటారు. అది నాకు సంతోషమే. కానీ నాకు వాక్యాలు నేర్పింది నిఘంటువులు కావు. విని, నవ్వి, అవునా కాదా అని చెప్పడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేది.

నేను చెప్పానని బాపుకు నేనే చెప్పాను. తిడతాడనుకున్నాను. గల్లాపెట్టె మూత కాసేపు తెరుస్తూ వేస్తూ, "నాతోనైతె కాకపోయేది," అన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే బస్సు కాదు, జీపు మాట్లాడుకొచ్చాడు. వెనక సీట్లో బొంత పరిచి రాజత్తను పడుకోబెట్టాం. దారి పొడుగునా చేలల్లో పత్తి ఏరుతున్నారు. కంపచెట్లకు తెల్లగా పత్తి పోగులు చిక్కుకుని ఉన్నాయి. రాజత్త వాటినే చూస్తూ పడుకుంది.

చిన్నత్త అరుగు మీద కూర్చుని చింతపండులో గింజ తీస్తోంది. జీపులో ఎవరున్నారో చూసింది. లేవలేదు.

"తొవ్వ దొరికిందా ఇన్నేండ్లకు?" అంది.

"తొవ్వ యాడికి పోలే. నేనే రాలె," అంది రాజత్త పడుకునే. "లోపటికి రమ్మంటవా, ఇట్నే పొమ్మంటవా?"

"నేను ఎన్నడన్న పొమ్మన్ననా? నువ్వే తినకుండ లేచిపోయినవ్."

"ఇయ్యాల తింట. పచ్చిపులుసు చెయ్యి. నీ చేతిది."

చిన్నత్త సణుగుతూనే దిగి వచ్చి అక్కను దించడానికి రెక్క పట్టుకుంది. ఆ పిడికిట్లో పట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆమె సణుగుడు ఆగిపోయింది. తల ఎత్తి మా బాపును చూసింది. బాపు జీపు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. చిన్నత్త ఎవరినీ ఏమీ అడగకుండా అక్కను నడుము పట్టి లోపలికి తీసుకుపోయింది.

పొయ్యి దగ్గర ఇద్దరినీ వదిలి మేము అరుగు మీద కూర్చున్నాం. ఉల్లిగడ్డ కోసిన వాసన, చింతపండు పిసికిన వాసన బయటికి వచ్చాయి. చిన్నత్త అన్నం కలిపి ముద్దలు పెడుతున్నట్టుంది. మాటలు వినబడుతున్నాయి.

"ఆ దినం నిన్ను మూలకు నిలవడుమన్నది నేను గాదే. మా అత్త."

"ఎర్కనే."

"ఎర్కుండి గూడ రాకపోతివి."

"ఎర్కుండి గూడ."

పొద్దు వాలుతుంటే బాపు గొంతు సవరించుకుని, "చీకటి కాకముందే పోవాలె," అన్నాడు. రాజత్తను మళ్లీ బొంత మీద పడుకోబెట్టాం. చిన్నత్త వీడ్కోలుకు నిలబడకుండా గిరుక్కున లోపలికి పోయింది. మళ్లీ కోపం వచ్చిందేమో అనుకున్నాను. డ్రైవరు బండి స్టార్ట్ చేసేసరికి రెండు చీరెలు మూటగట్టుకుని బయటికి వచ్చింది. తలుపు దగ్గరకేసి తాళం పెట్టి, తాళంచెవి పక్కింటామె చేతిలో పెట్టింది.

"మావోడు పొలం కాడికెల్లి వస్తె చెప్పు, అక్క దగ్గరికి పోయింది అని."

"ఎన్ని దినాలుంటవ్ సత్తెమ్మా?" అన్నాడు బాపు, ఏమనాలో తెలియక.

చిన్నత్త జీపెక్కి, వెనక సీటు చివర ఒదిగి కూర్చుని, అక్క కాళ్లు రెండూ ఎత్తి తన ఒళ్లో పెట్టుకుంది. "నడుపుమను," అంది. వచ్చేటప్పుడు మాటే లేని రాజత్త పోయేటప్పుడు కాసేపు నవ్వింది, కాసేపు చెల్లెలిని తిట్టింది, సగం దారిలో నిద్రపోయింది. చిన్నత్త చేతులకు ఇంకా పులుసు తడి ఉంది. ఆ చేతులతోనే అక్క పాదాలు ఒత్తుతూ కూర్చుంది, హనుమకొండ దీపాలు కనబడేదాకా.